వాటం తేలాకే టైల్సు

2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా గోదావరి వరద సముద్రం దారి పట్టింది. నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చింది. కోనసీమ లంకల్లో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అలాంటప్పుడు గుమ్మం దాకా రాకముందే వరద ఇంట్లోకి జొరబడే దారి ఒకటుంది. అది బాత్రూం. బయట మట్టం పెరిగితే సెప్టిక్ ట్యాంకు నిండుతుంది, మురుగు వెనక్కి తన్ని కమోడ్‌లోంచీ నహానీ ట్రాప్‌లోంచీ పైకి వస్తుంది.

అందుకే డెల్టాలో కొత్త ఇల్లు కట్టేవాళ్ళు టైల్సు కొట్టుకు వెళ్ళేముందు మేస్త్రితో ఎత్తుల లెక్క తేల్చుకోవాలి. 1986 ఆగస్టు వరద తమ వీధిలో ఎంతవరకు వచ్చిందో పెద్దవాళ్ళనడిగి, బేస్‌మెంట్ ఆపైన ఉండేలా చూసుకోవాలి. ట్యాంకుకు పోయే గొట్టానికి నీరు వెనక్కి రానివ్వని వాల్వు బిగించాలి. వానాకాలంలో గజం తవ్వితే నీరు ఊరే నేలలో వరల గొయ్యి మంచిది కాదు. అందులోని మురుగు నేరుగా భూగర్భజలంలో కలుస్తుంది. అలాంటిచోట గొయ్యికీ తాగునీటి బోరుకీ కనీసం 10 మీటర్ల ఎడం ఉండాలి. నాలుగైదు సెంట్ల స్థలంలో అది కుదరడం కష్టం కాబట్టి, చెమ్మ దిగని కాంక్రీటు ట్యాంకే మేలు.

పూర్వం దొడ్లో నుయ్యి, పక్కన చప్టా, చుట్టూ కొబ్బరాకుల దడి ఉండేవి. స్నానం నీళ్ళు బోదె వెంట అరటి పాదుల్లోకి పోయేవి. మరుగుదొడ్డి ఉంటే ఇంటికి దూరంగా ఉండేది. స్నానం, మరుగుదొడ్డి రెండూ పడగ్గది పక్కన ఒకే తలుపు వెనక చేరాక, నీరు పోయే దారిని స్లాబులోనే ముందుగా కట్టాల్సి వస్తోంది. షవర్ కింద నేలకు మీటరుకు సెంటీమీటరున్నర వాటం కావాలి. బాత్రూం నేల గది నేలకన్నా అంగుళం దిగువన ఉండాలి. మేడ మీదైతే టైల్సు అతికించకముందే వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్ళు నిలవగట్టి కింది సీలింగు చూడాలి. ఈ పరీక్షకు తొందరపడి మంగళం పాడితే, కారడం మొదలయ్యాక టైల్సన్నీ పగలగొట్టుకోవాలి.

తర్వాత షవర్. సినిమాల్లో చూసి పళ్ళెమంత వెడల్పు షవర్ కొంటారు, నీళ్ళు మాత్రం సన్నగా కారతాయి. తప్పు షవర్‌ది కాదు. నీళ్ళ ట్యాంకు ఎత్తు మీటరు పెరిగితే ఒత్తిడి బార్‌లో పదోవంతే పెరుగుతుంది. డాబా మీది ట్యాంకుకూ దాని కిందే ఉన్న షవర్‌కూ మధ్య రెండు మీటర్లే ఉంటే, ధారకు బలం ఎక్కడిది? ట్యాంకును స్తంభాల మీద ఇంకా ఎత్తాలి, లేదా ప్రెషర్ పంపు పెట్టాలి. ఆ పంపుకు వైరింగు గోడలు పూయకముందే లాగాలి. గీజర్‌కు విడి లైను, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

తీరం వైపు బోరునీరు ఉప్పగా ఉండే ఊళ్ళలో షవర్ గాజు తలుపు మీద తెల్లమరకలు పడతాయి. అక్కడ గాజు కన్నా తెర నయం.

జాతీయ భవన నియమావళి ప్రకారం స్నానం, మరుగుదొడ్డి కలిపి ఉంటే గది కనీసం 2.8 చదరపు మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు ఉండాలి. ముసలివాళ్ళున్న ఇంట్లో అది ఇరుకే. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డమైతే తీయడం కష్టం. నేలకు గరుకు టైల్సు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ కావాలి.

ఇక స్నానం నీళ్ళను సెప్టిక్ ట్యాంకులో కలపకుండా విడి గొట్టం వేస్తే ట్యాంకు మీద భారం తగ్గుతుంది. పెరట్లో జానెడు చోటున్నా, ఆ గొట్టం చివర ఓ అరటి పిలక నాటుకోవచ్చు.