పెద్దప్రేగు క్యాన్సరు చికిత్సలో జన్యు పరీక్షలు

పెద్దప్రేగు క్యాన్సరుకు ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో, ఏది ప్రమాదం తెస్తుందో ముందుగా తెలుసుకొనుటకు కంతిలోని జన్యువులనూ, రోగికి పుట్టుకతో వచ్చిన జన్యువులనూ పరిశీలించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపించే రెండు కంతులు జన్యుస్థాయిలో వేరువేరు వ్యాధులు కావచ్చును. ఒకరికి ఆయువు పెంచిన మందు మరొకరికి ఖర్చు, బాధ తప్ప ఏమీ మిగల్చకపోవచ్చును. తొలి దశలలో శస్త్రచికిత్సే ప్రధానం కనుక, ఈ పరీక్షల అవసరం వ్యాధి ఇతర అవయవాలకు పాకినప్పుడు ఎక్కువ.

రెండు రకాల మార్పులు

కంతిలో కనిపించే ఉత్పరివర్తనాలలో అధికభాగం జీవితకాలంలో ప్రేగు గోడ కణాలలో ఒకదాని తరువాత ఒకటిగా చేరినవే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం 1988లో ఈ క్రమాన్ని వివరించింది. ఇవి పిల్లలకు సంక్రమించవు. వీటిని బయాప్సీలో గాని, శస్త్రచికిత్సలో గాని తీసిన కంతి ముక్కలో వెదకుతారు. రెండవ రకం మార్పులు తల్లిదండ్రుల నుండి వచ్చి శరీరంలోని ప్రతి కణంలోనూ ఉంటాయి. వీటిని తెలుసుకొనుటకు రక్తపరీక్ష చాలును.

రాస్ జన్యువులు

ప్రేగు కణాల పైపొర మీద ఇ.జి.ఎఫ్.ఆర్. అనే గ్రాహకం ఉంటుంది. పెరగమనే సంకేతం దీనికి తగలగానే లోపల కె-రాస్ అనే ప్రొటీను మేలుకొని ఆ వార్తను కేంద్రకం వైపు పంపి, తిరిగి ఆగిపోతుంది. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే మందులు గ్రాహకానికి అడ్డుపడి వార్తను గుమ్మం దగ్గరే ఆపుతాయి. కాని కె-రాస్ జన్యువులో ఉత్పరివర్తనం వస్తే ఆ ప్రొటీను ఒకసారి నొక్కితే మళ్ళీ పైకి రాని మీట వంటిది. గుమ్మం మూసినా లోపలి సంకేతం ఆగదు.

సెటుక్సిమాబ్‌కు 2004లో అమెరికాలో అనుమతి లభించింది. అప్పట్లో కంతిలో గ్రాహకం ఉన్నదా లేదా అని మాత్రమే చూసేవారు. ఆ పరీక్షకూ మందు ఫలితానికీ సంబంధం లేదని తరువాత తేలింది. 2008లో కెనడా, ఆస్ట్రేలియా పరిశోధకులు, తమ అధ్యయనంలో పాల్గొన్నవారి కంతి ముక్కలను తిరిగి పరిశీలించారు. కె-రాస్ మారనివారిలో సగటు జీవితకాలం మందు లేనప్పుడు 4.8 నెలలు, మందుతో 9.5 నెలలు. కె-రాస్ మారినవారిలో మందు లేకుండా 4.6 నెలలు, మందుతో 4.5 నెలలు. అంటే పదిమందిలో సుమారు నలుగురికి ఈ మందు వృథాగా ఇచ్చినట్లే. 2009 నుండి అమెరికాలో మందు వాడకానికి ముందు ఈ పరీక్ష చేయాలని సిఫారసు వచ్చింది. 2013లో ఎన్-రాస్ మార్పులు కూడా ఇటువంటివేనని వెల్లడైంది. రాస్ మారినవారికి ఆక్సాలిప్లాటిన్‌తో కూడిన కీమోథెరపీకి పానిటుముమాబ్ కలిపితే మేలుకు బదులు కీడే కనిపించింది.

బి-రాఫ్

బి-రాఫ్ ఈ సంకేత మార్గంలో రాస్ తరువాతి మెట్టు. దీనిలోని వి600ఇ అనే మార్పు మెలనోమా అనే చర్మ క్యాన్సరులోనూ ఉంటుంది. అక్కడ బాగా పనిచేసిన బి-రాఫ్ మందు ప్రేగు క్యాన్సరులో విఫలమైంది. కారణం 2012లో తెలిసింది: బి-రాఫ్‌ను ఆపగానే ప్రేగు కణాలు ఇ.జి.ఎఫ్.ఆర్. ద్వారా మరో దారి తెరుస్తాయి. చర్మ క్యాన్సరు కణాలలో ఆ గ్రాహకం తక్కువ. అందువలన రెండు దారులనూ ఒకేసారి మూసే ఎన్కోరాఫెనిబ్, సెటుక్సిమాబ్ జంటకు 2020లో అనుమతి వచ్చింది. ఒకే ఉత్పరివర్తనమైనా అది ఏ అవయవంలో ఉన్నదో కూడా చూడాలన్నమాట.

డీఎన్ఏ మరమ్మతు లోపం

కణం విభజన చెందేటప్పుడు డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దే ప్రొటీన్లు కొన్ని కంతులలో లోపిస్తాయి. మొత్తం ప్రేగు క్యాన్సర్లలో ఇవి సుమారు 15 శాతం. ఇతర అవయవాలకు పాకినవాటిలో 5 శాతం లోపు. తప్పులు పేరుకొనుట వలన ఈ కణాలపై వింత ప్రొటీన్లు ఏర్పడి, రోగనిరోధక వ్యవస్థ వాటిని సులభంగా గుర్తించగలదు. ఆ వ్యవస్థపై క్యాన్సరు వేసిన కళ్ళెం తీసే పెంబ్రోలిజుమాబ్ వీరికి బాగా పనిచేస్తుంది. 2020లో ప్రకటించిన అధ్యయనంలో వ్యాధి ముదరకుండా గడిచిన సగటు కాలం కీమోథెరపీతో 8.2 నెలలు, దీనితో 16.5 నెలలు. మరమ్మతు లోపం లేని కంతులపై ఈ మందు ఒంటరిగా దాదాపు నిష్ఫలం.

ఈ లోపం పుట్టుకతో వచ్చినదైతే దానిని లించ్ సిండ్రోమ్ అంటారు. అప్పుడు పరీక్ష ఫలితం రోగి ఒక్కరిది కాదు. తోబుట్టువులలో, సంతానంలో ప్రతి ఒక్కరికీ ఆ జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం. అది ఉన్నవారికి క్రమం తప్పక కొలొనోస్కోపీ చేస్తే క్యాన్సరును రాకముందే నివారించవచ్చును, లేదా తొలి దశలో పట్టుకొనవచ్చును.

మందును తట్టుకొనే శక్తి

ప్రేగు క్యాన్సరు కీమోథెరపీకి మూలమైన 5-ఫ్లోరోయురాసిల్‌ను శరీరంలో విరిచివేసే ఎంజైమును డి.పి.వై.డి. అనే జన్యువు తయారుచేయిస్తుంది. ఈ జన్యువు పుట్టుకతో లోపిస్తే మామూలు మోతాదే విషమవుతుంది. నోటిపూత, తీవ్ర విరేచనాలు, తెల్ల రక్తకణాల క్షీణత కలిగి మరణం కూడా సంభవించవచ్చును. ఐరోపా మందుల సంస్థ 2020లో చికిత్సకు ముందే ఈ లోపాన్ని పరీక్షించాలని సూచించింది. పాక్షిక లోపం ఉన్నవారికి మోతాదు తగ్గిస్తారు. పూర్తి లోపం ఉంటే ఈ మందు ఇవ్వరు. అయితే సాధారణంగా పరీక్షించే నాలుగు మార్పులు ప్రధానంగా ఐరోపా సంతతివారిలో గుర్తించినవి. అందువలన భారతీయులలో ఈ పరీక్షలో ఏమీ కనిపించకపోయినా లోపం లేదని నిర్ధారించలేము. తొలి విడత మందు తరువాత రోగిని జాగ్రత్తగా గమనించాలి. విషలక్షణాలు తీవ్రమైతే యూరిడీన్ ట్రైయాసిటేట్ అనే విరుగుడు ఉన్నది. దానిని చివరి మోతాదు నుండి 96 గంటలలోపు మొదలుపెట్టాలి.