ఆముదం పేరుకునే వైనం

ఆముదం పేరెత్తితే పిల్లలు పెరటిదారి పడతారు. ఆ జిడ్డు సరకుకు రసాయన శాస్త్రంలో ఉన్న పరువు తెలిస్తే పెద్దలు కూడా ముక్కున వేలేసుకుంటారు. పాలమూరు, నల్లగొండ చెల్క నేలల్లో తరతరాలుగా పండుతున్న ఆముదపు గింజల నూనెలో నూటికి 85 పాళ్ళకు పైగా రిసినోలిక్ ఆమ్లమే. దానికి ఉదజనిని పట్టిస్తే మైనంలాంటి తెల్లని పదార్థం వస్తుంది. దాని పేరు హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం.

జపానులో ఇల్లాళ్ళు వేపుళ్ళు ముగిశాక మిగిలిన వేడి నూనెలో ఈ పొడి కలిపేస్తారు. చల్లారేసరికి బాణలిలో నూనె అట్టులా పేరుకుంటుంది. ఎత్తి పారేయడమే, తూము పూడుతుందన్న బెంగ లేదు.

ఇంతవరకు వింతేమీ లేదనుకున్నాను. మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరుగారు అదే పొడిని నూటికి రెండు పాళ్ళ చొప్పున రెండు గాజు గొట్టాల్లో, ఒకదానిలో నూనెతో, ఒకదానిలో స్పిరిటుతో వేడిచేసి చల్లార్చారు. నూనె గొట్టం బోర్లించినా చుక్క రాలలేదు. స్పిరిటు మాత్రం నీళ్ళలాగే కదిలింది.

"పొడి ఒకటే కదండీ?" అన్నాను.

"ద్రవం వేరు కదా, మాస్టారూ!" అన్నారాయన.

తెలుగు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు మాటలమీదే ధ్యాస. నీరు గడ్డకడుతుంది, పాలు తోడుకుంటాయి, నెయ్యి పేరుకుంటుంది. ఈ జెల్‌లో చిత్రమేమంటే నూనె నూనెగానే ఉంటుంది. సన్నని పోగుల వలలో చిక్కుకుని కదలలేదు, అంతే. చిన్న అణువులు తమంతట తామే చేయీ చేయీ కలిపి అల్లే ఇలాంటి వలను సుప్రామాలిక్యులర్ జెల్ అంటున్నారు.

మా పహాడీ షరీఫ్‌లో బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉరుసు చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. గుట్ట మెట్లెక్కే జనంలో ఒక కుటుంబం చేతులు పట్టుకుని వరసగా నడుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరి దారిన వారు పోతుంటే వరస చెదరదు. అడుగడుగునా చుట్టాలెదురై చేతులు పట్టుకుంటే? కుటుంబం తలా ఒక దిక్కవుతుంది. ఆముదపు అణువుల చేతులు ఉదజని బంధాలు. నూనె వాటి జోలికి పోదు. స్పిరిటుకు మాత్రం చేతులు పట్టుకునే అలవాటుంది! అలాగని ద్రవానికీ అణువుకూ బొత్తిగా పొసగకపోయినా కుదరదు; వల అల్లుకోకముందే అణువులు పలుకులుగా విడిపడి అడుగుకు చేరతాయి.

మైకేల్ రోజర్స్ బృందం 2012లో ఈ చేతులు పట్టుకునే గుణాన్ని కొలిచి ద్రవాలను వరసపెట్టింది. ఆ గుణం తక్కువైతే తేట జెల్, కాస్త పెరిగితే తెల్లని మసక జెల్, ఇంకా పెరిగితే ఉత్త ద్రావణం.

ఇదంతా గాజు గొట్టాల ముచ్చటేనా అంటే, కాదు. 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ పేటెంటు పొందిన లిథియం సబ్బు గ్రీజులకు తరవాత ఈ ఆముదపు ఆమ్లమే ముఖ్యమైన దినుసయింది. మా ఊరి మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కే లారీల చక్రాల్లో ఉండేది అదే. నాఫ్థీనిక్ నూనెకు తక్కువ సబ్బు చాలు, పారాఫినిక్ నూనెకు ఎక్కువ కావాలి. నూనె మార్చి సబ్బు పాలు మార్చకపోతే పట్టు చాలక నూనె కారిపోతుంది, బేరింగు ఎండుతుంది. ఘాట్ మలుపులో ఎండిన బేరింగంటే ఏమిటో లారీవాళ్ళకు చెప్పనక్కరలేదు.

రెండు రకాల గ్రీజు కలిపి కూరకూడదని రోడ్డుపక్క షెడ్డు మెకానిక్కు నాకు చెప్పాడు. రెండూ లిథియమే కదా అన్నాను.

"డబ్బా మీద లిథియం అని రాస్తరు సార్. లోపల ఏ నూనె పోసిండ్రో రాయరు గదా!"