గట్టు గట్టిగా ఉంటే తలుపులు మార్చితే చాలు

వంటగదిలో అన్నింటికంటే ముందుగా పాతబడేది అరల తలుపు. నీటి చెమ్మ, నూనె జిడ్డు, పొయ్యి సెగ, రోజుకు పదులసార్లు తీసివేసే ఒత్తిడి అంతా దాని మీదనే పడుతుంది. వెనుకనున్న అరల నిర్మాణం మాత్రం చాలాకాలం చెక్కుచెదరదు. అయినప్పటికీ తలుపు అంచు ఉబ్బి, పై పొర లేచిపోగానే వంటగది మొత్తం పాడైనదని భావించి, గట్టును సైతం పగులగొట్టి, ‘మాడ్యులర్ కిచెన్’ కోసం అప్పుచేసే కుటుంబాలు ఉన్నాయి. నిర్మాణం దృఢంగా ఉన్నప్పుడు ఈ వ్యయం అనవసరం. తలుపులు, బందులు, పిడులు మార్చితే అదే వంటగది కొత్తరూపు దాల్చుతుంది.

కొల్నార, తెరుబలి, జేకేపూర్ మొదలుకొని పార్వతీపురం వరకు గల సరిహద్దు ప్రాంతపు గృహస్థులకు ఈ పద్ధతి మరింత అనుకూలం. తెలుగువారి ఇళ్లలో గట్టు కింద కడప బండలతో అరలు కట్టించి, ముందు కర్ర చట్రం బిగించి, దానికి తలుపులు పెట్టించుకోవడం చిరకాలంగా ఉన్న అలవాటు. రాతి అరకు చెద పట్టదు, అది నీటికి ఉబ్బదు. అటువంటి గట్టు ఉన్నవారు పెట్టెలు కొనవలసిన అవసరమే లేదు.

ముందుగా పరీక్ష

తలుపులు చేయించే ముందు చట్రాన్ని, అరలను పరిశీలించాలి. స్క్రూడ్రైవర్ మొనతో చట్రాన్ని అక్కడక్కడ గుచ్చి చూడాలి. మొన సులభంగా దిగినా, తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా, మట్టిగీతలు కనిపించినా చెద పట్టినట్లు భావించాలి. సింకు కింది గొట్టం కారుతున్నదేమో చూసి, ముందు దానిని బాగుచేయించాలి. కారుడు ఆగకుండా బిగించిన కొత్త తలుపు కూడా పాతదాని వలెనే ఉబ్బుతుంది. అరల పెట్టెలు పార్టికల్ బోర్డువై, అడుగుభాగం పొడి రాలుతున్నట్లయితే తలుపులు మాత్రమే మార్చడం వృథా. మరలు పట్టు నిలువవు.

పలక ఎంపిక

జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు కురిసే ఈ ప్రాంతంలో చెమ్మకు తట్టుకొనే పలకనే ఎంచుకోవాలి. పార్టికల్ బోర్డు, సాధారణ ఎండీఎఫ్ చౌకగా దొరికినా, అంచునుండి నీరు పీల్చి ఉబ్బుతాయి. ఒకసారి ఉబ్బినవి మళ్లీ యథాస్థితికి రావు. సింకు పరిసరాలకు ఐఎస్ 710 ముద్రగల ప్లైవుడ్ శ్రేయస్కరం. ఈ ప్రమాణం ప్రకారం దాని జిగురు పట్టును 72 గంటలపాటు మరిగే నీటిలో పరీక్షిస్తారు. పలక మీద ముద్రను కొనుగోలుదారు స్వయంగా చూసుకోవాలి.

సన్‌మైకా పొరను తలుపుకు రెండువైపులా అతికించాలి. ఒకవైపే అతికించినట్లయితే రెండోవైపు చెమ్మను పీల్చి, తలుపు విల్లువలె వంగుతుంది. బయటివైపు 1 మిల్లీమీటరు, లోపలివైపు అంతకంటే పలుచని పొర సరిపోతుంది. నాలుగు అంచులను, ముఖ్యంగా కింది అంచును, పట్టీతో మూసివేయాలి. గది కడిగినప్పుడు నీరు ముందుగా చేరేది అక్కడికే.

కొలతలు, బందులు

ప్రతి గడినీ విడివిడిగా, ఎడమ, మధ్య, కుడి చోట్ల కొలవాలి. గోడలు, బండలు ఖచ్చితమైన మట్టానికి ఉండటం అరుదు. రెండు తలుపుల మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ఒక పలకలో 27 అంగుళాల ఎత్తు, 15 అంగుళాల వెడల్పు తలుపులు తొమ్మిది వస్తాయి. కోతకు ముందే కాగితం మీద ఈ లెక్క వేసుకుంటే రెండో పలక కొనే అవసరం తప్పవచ్చు.

‘ఆటో హింజెస్’ అని వ్యవహరించే, బయటికి కనిపించని బందులకు తలుపు లోపలివైపు 35 మిల్లీమీటర్ల వ్యాసం గల గుంత తొలచాలి. తలుపు చట్రాన్ని పూర్తిగా కప్పుతుందా, సగమే కప్పుతుందా, లోపలికి అమరుతుందా అన్నదానినిబట్టి బందు రకం మారుతుంది. కావున ఆ సంగతి తేల్చుకున్న తరువాతనే దుకాణానికి వెళ్లాలి. మూడడుగుల లోపు తలుపుకు రెండు బందులు, అంతకు మించినదానికి మూడు అవసరం.

గ్యాస్ బండకు గాలి

అందచందాలకంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. 2016లో ఉజ్జ్వల పథకం ప్రారంభమైన తరువాత పల్లెలలో కూడా అనేక ఇళ్లకు గ్యాస్ బండ వచ్చింది. గట్టు కింది అరలో పెట్టిన బండకు అందం కోసం బిగువైన తలుపు పెట్టడం ప్రమాదకరం. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. లీకైనప్పుడు నేలమట్టాన పేరుకొంటుంది, మూసిన అరలో బయటికి పోయే దారి ఉండదు. ఆ గడికి తలుపు లేకుండా వదిలివేయడం ఉత్తమం. తప్పనిసరి అయితే నేలకు ఆనుకొని ఒకచోట, పైభాగాన మరొకచోట గాలి ధారాళంగా ఆడే రంధ్రాలు ఉంచాలి. బండను నిలువుగానే ఉంచాలి. రెగ్యులేటరు చేతికి సులభంగా అందాలి.

పనికి అనువైన కాలం

వానలు వెనుకబట్టిన తరువాత, సంక్రాంతి లోపు ఈ పని చేయించడం మేలు. చెమ్మకు ఉబ్బి ఉన్న కర్ర చట్రాన్ని వానకాలంలో కొలిస్తే ఎండలకు సందులు తేలుతాయి. సామగ్రిని రాయగడలో కొన్నా, రైలుమార్గాన ఉన్న పార్వతీపురం, విజయనగరాల నుండి తెప్పించినా, రవాణా ఖర్చును కలిపి ధర పోల్చుకోవాలి. పని తెలుగు వడ్రంగికి అప్పగించినా, ఒడియా బఢేయికి అప్పగించినా, పలక రకం, బందుల సంఖ్య, కూలి, పాత తలుపులు ఎవరికి చెందుతాయన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. ముందుగా సింకు కింది ఒక్క తలుపు బిగించి, అది సరిగా మూసుకొంటున్నదని చూసిన తరువాత మిగిలిన పలకను కోయించడం క్షేమం.