మీకు తెలుసా? టెంటు కట్టుకుని కలహారి దాకా

లారీ చాసిస్ మీద బస్సు బాడీ కట్టి, వంటసామాను, టెంట్లు సర్దుకుని, కేప్‌టౌన్ నుంచి విక్టోరియా జలపాతం దాకా మూడు వారాలపాటు రోడ్డు మీదే సాగే యాత్రలు ఆఫ్రికా దక్షిణ కొసన చాలా ఉన్నాయి. నల్లగండ్ల చుట్టుపక్కల ఇలాంటి యాత్ర మీద మనసుపడ్డవాళ్ల కోసం ఈ ముచ్చట్లు.

● దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్‌వానా, జింబాబ్వే, జాంబియాలలో మనలాగే బండి ఎడమవైపే నడుస్తుంది. నమీబియాలో ఎక్కువ కంకర రోడ్లే. వేగంగా పోతే మలుపులో బండి బోల్తా కొడుతుంది, జాగ్రత్త.

● మన వేసవి సెలవులప్పుడు అక్కడ చలి మొదలవుతుంది. జూన్, జులై రాత్రుల్లో కలహారి ఎడారిలో నీళ్లు గడ్డకట్టేంత చలి పడుతుంది. స్వెట్టర్ తప్పనిసరి.

● లారీ ఆగగానే ఎవరి టెంటు వాళ్లే వేసుకోవాలి. కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం వంతులవారీగా చేయాలి. కడిగిన పళ్లేన్ని మాత్రం గుడ్డతో తుడవనివ్వరు. ఒకే గుడ్డ అన్నిటికీ తగిలితే ఒకరి విరేచనాలు బండి మొత్తానికీ అంటుకుంటాయని యాత్ర నడిపేవాళ్ల భయం. రెండు చేతుల్లో చెరొక పళ్లెం పట్టుకుని తడి ఆరేదాకా గాల్లో ఊపాలి. తిండికి చాలాచోట్ల మొక్కజొన్న సంకటి దొరుకుతుంది. ముద్ద చేసి కూరలో అద్దుకుని తినడం మనకెవరూ నేర్పక్కర్లేదు.

● బోట్స్‌వానాలోని మోరెమి, చోబే అడవుల్లో క్యాంపులకు కంచె ఉండదు. రాత్రి చెప్పులు బయట వదిలితే హైనాలు ఎత్తుకుపోతాయి. జింబాబ్వేలోని మానా పూల్స్‌లోకి నారింజ, బత్తాయి తీసుకెళ్లడం నిషేధం. ఏనుగులు ఆ వాసన పట్టి టెంటు దాకా వస్తాయి.

● అడవి దున్నల నుంచి పశువులకు గాలికుంటు వ్యాధి సోకకుండా బోట్స్‌వానాలో, నమీబియాలో పొడవాటి కంచెలు వేశారు. గేటు దగ్గర బండి వెతికి పచ్చి మాంసం తీసేసుకుంటారు. చెప్పులను మందునీళ్లలో అద్ది దాటాలి.

● జాంబెజీ, ఒకవాంగో నదుల వైపు వెళ్లేవాళ్లు డాక్టరును అడిగి మలేరియా మాత్రలు ముందే మొదలుపెట్టాలి. ఆ జబ్బుకు దోమే కారణమన్న గట్టి ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది.

● బోట్స్‌వానా ఉప్పు మైదానాల దగ్గర యాత్రికులు బావోబాబ్ చెట్ల కింద మకాం వేస్తారు. అక్కడి ప్రఖ్యాత చాప్‌మన్ బావోబాబ్ 2016 జనవరిలో కూలిపోయింది. 2005 తర్వాత ఆఫ్రికాలోని అతి పెద్ద, అతి పాత బావోబాబ్‌లు చాలావరకు చచ్చిపోయాయని, లేదా వాటి పాత భాగాలు కూలిపోయాయని 2018లో శాస్త్రవేత్తలు తేల్చారు. అదే జాతి మహావృక్షం మన గోల్కొండ నయా ఖిల్లాలో నాలుగు వందల ఏళ్లకు పైగా బతికే ఉంది. దాని పేరు హతియాన్ కా ఝాడ్. మాను చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. లోపల తొర్రలో మనుషులు నిలబడొచ్చు. నల్లగండ్ల నుంచి గంట ప్రయాణం కూడా లేదు, అయినా చూసినవాళ్లు మనలో ఎందరు?

● జింబాబ్వే డాలరు నోట్ల మీద ఏళ్ల తరబడి అచ్చయినవి బండరాళ్లు! హరారే పక్కన ఎప్‌వర్త్‌లో ఒకదానిమీద ఒకటి నిలిచిన గ్రానైట్ గుండ్లు అవి. బులవాయో దగ్గరి మాటోబో కొండల నిండా ఇలాంటివే. 2003లో యునెస్కో ఆ కొండలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన గచ్చిబౌలి, ఖాజాగూడ, నల్లగండ్ల రాళ్లు తయారైన తీరూ అదే. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటి గ్రానైట్‌లో పగుళ్లు పడ్డాయి. వాటిలోకి నీరు దిగి మూలలు అరిగాయి. పైమట్టి కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. వీటిని కాపాడాలని ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ 1996 నుంచి పోరాడుతోంది. అక్కడ నోటుకెక్కిన రాళ్లలాంటివే ఇక్కడ పునాదుల కోసం పేల్చేస్తున్నాం. అంతకంటే నష్టం ఈ ఊరికి ఇంకోటి లేదు.

నల్లగండ్లను ఆనుకున్న సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో మష్రూమ్ రాక్ ఉంది. ఆఫ్రికా టికెట్టు కొనేలోపు, అనుమతి తీసుకుని పిల్లలకు దాన్ని చూపించండి. మీ కాలనీ పక్కన మిగిలిన బండకు ఎవరైనా డ్రిల్లు పెడితే ఊరుకోకండి, నిలదీయండి.