గండికోటలో తిరగడం, గుడి చుట్టూ తిరగడం

"వాక్ అరౌండ్" అన్న ఇంగ్లీషు మాట పక్కన "చుట్టూ నడవడం" అని రాసుకుని బట్టీ పట్టిన విద్యార్థి, "వి వాక్డ్ అరౌండ్ గండికోట ఫోర్ట్" అన్న వాక్యం దగ్గర తికమక పడతాడు. కోట చుట్టూ ఒక చుట్టు చుట్టి వచ్చారు కాబోలు అనుకుంటాడు. గండికోట చూసినవాళ్లకు తెలుసు, అది అయ్యే పని కాదని. ఒక పక్కంతా పెన్నా నది కోసుకుపోయిన లోయ, నిట్టనిలువు బండలు. ఆ వాక్యం చెప్పేది వేరు: కోట లోపల అటూ ఇటూ తిరిగాం, జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి ఆలయం చూసుకుంటూ లోయ అంచుదాకా వెళ్లొచ్చాం అని. అదే మాటను దేవుని కడపకు తీసుకెళ్లి "ది డివోటీస్ వాక్డ్ అరౌండ్ ది టెంపుల్ త్రీ టైమ్స్" అంటే అది అచ్చంగా ప్రదక్షిణ. రెండు చోట్లా మాట ఒకటే, అర్థాన్ని తేల్చింది మాత్రం చోటు, దానికి తోడైన "మూడుసార్లు" అన్న లెక్క. క్రియకు ఒక చిన్న మాట తగిలించి ఇంగ్లీషువాళ్లు వాడుకునే ఇటువంటి జంటపదాలను, అంటే ఫ్రేజల్ వెర్బులను, అర్థాల పట్టికలతో నేర్పడం వల్ల ప్రయోజనం లేదు. వాక్యాలతోనే నేర్పాలి, ఆ వాక్యాలు కూడా పిల్లలకు తెలిసిన చోట్ల మీద కట్టాలి.

ఈ ఒక్క మాటనే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లి చూద్దాం. "ఇన్ ది ఈవినింగ్ వి జస్ట్ వాక్డ్ అరౌండ్" అన్నప్పుడు దేని చుట్టూ అన్న ప్రశ్నే లేదు. సాయంత్రం పూట కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర, పని అంటూ ఏమీ లేకుండా, ఊరికే అలా తిరిగొచ్చామని. "డోంట్ వాక్ అరౌండ్ విదౌట్ ఎ క్యాప్ ఇన్ మే" అంటే నడక సంగతి ఇంకా వెనక్కి పోతుంది. మే నెల ఎండలో తలకు గుడ్డయినా లేకుండా బయట తిరగొద్దన్న హెచ్చరిక అది. ఇక చివరి చిన్న మాటను మారిస్తే నడక తీరే మారిపోతుంది. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బెలుం గుహల్లో ఈ కొస నుంచి లోపలికి సాగిపోవడం "వాక్ త్రూ". సుంకేసుల నుంచి కడప వైపు వచ్చే కేసీ కాలువ గట్టు వెంబడి నడవడం "వాక్ అలాంగ్". ఎగువ అహోబిలం కొండ మెట్లెక్కడం "వాక్ అప్". అరౌండ్, త్రూ, అలాంగ్, అప్ అన్నవాటికి విడివిడిగా అర్థాలు చెప్పినా అర్ధగంటలో మరిచిపోతారు. గుహ, కాలువ, కొండ కళ్ల ముందు పెడితే వాటిని వేరుగా గుర్తుపెట్టుకోవలసిన పనే ఉండదు.

తెలుగు పిల్లలకు ఇది కొత్త విద్యేమీ కాదు. మన "తిరుగు" అన్న క్రియ చేసే పనులు చూడండి. బండి చక్రం తిరుగుతుంది, ఊరంతా తిరుక్కొని వస్తాం, పుస్తకం తిరగేస్తాం, జనం తిరగబడతారు. ఒక క్రియకు ఇంకొకటి తోడైతే పాత అర్థం పోయి కొత్తది పుట్టుకొస్తుందన్న ఎరుక పిల్లలకు బడికి రాకముందే ఉంటుంది. తేడాలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. తెలుగులో "గుడి చుట్టూ తిరిగారు" అంటాం, క్రియ చివర్లో ఉంటుంది. ఇంగ్లీషులో క్రియ ముందొచ్చి, అరౌండ్ దాని వెనక, గుడి ఆ తర్వాత వస్తాయి. పింఛను కోసం ఆరు నెలలుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నానన్న మనిషి గోడును "వాక్ అరౌండ్ ది ఆఫీస్" అని మారిస్తే, విన్నవాళ్లకు ఆయన ఆ భవనం పక్కన షికారు చేస్తున్నట్టు వినపడుతుంది. ఆయన బాధ అందులో ఒక్క పిసరు కూడా మిగలదు. అలాగే "వాడు తిరుగుతున్నాడు" అంటే మన ఊళ్లలో పనీపాటా లేదన్న నింద కూడా వినిపించవచ్చు. వాక్ అరౌండ్‌లో ఆ నింద లేదు. ఇవన్నీ పట్టికలో ఎక్కడ రాస్తాం?

ఈ పద్ధతికి కడపలోనే ఒక పెద్ద సాక్షి ఉన్నాడు. 1798లో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. ఆ తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు రాతప్రతులు పరిష్కరింపజేశాడు. ఆ చోటనే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. అంత నిఘంటువు చేసిన మనిషి అక్కడితో ఆగలేదన్నది గమనించాలి. ఇంగ్లీషు, తెలుగు నుడికారాల అభ్యాసం కోసం "వాక్యావళి" అన్న పుస్తకం వేశాడు. తెలుగు చదువుకునేవారి కోసం జనం రాసుకున్న ఉత్తరాలను, పోలీసు, రెవెన్యూ కాగితాలను పాఠాలుగా పెట్టాడు. భాషను పరాయివాడిగా నేర్చుకున్నవాడికి తెలిసిన కష్టం అది. మాటకు అర్థం దొరికినంత మాత్రాన మాట్లాడటం రాదని ఆయన గ్రహించాడు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. మాతృభాషతో పోలిస్తే పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకుంటూనే ఉండిపోతారని కొందరు ఉపాధ్యాయులు అంటారు. మాటకు మాట పెడితే ఆ ప్రమాదం నిజమే. వాక్యానికి వాక్యం పెట్టి, ఆఫీసు ఉదాహరణలో లాగా ఎక్కడ కుదరదో చూపిస్తే ఆ అలవాటే తగ్గుతుంది. పైగా మనం చెప్పకపోయినా పిల్లలు లోపల తెలుగుతో పోల్చుకోకుండా ఉండరు. పరీక్షల్లో అర్థం జతపరచమనే అడుగుతారు, వాక్యాలకు తీరిక ఎక్కడిదన్నది ఇంకో మాట. మూడు వాక్యాలు సొంతంగా రాయగలిగినవాడికి అర్థం జతపరచడం కష్టం కాదు, జతపరచడం వచ్చినవాడికి వాక్యం వస్తుందన్న భరోసా లేదు. ఇక వ్యాకరణ పండితులు, గుడి పేరు చెప్పినప్పుడు అరౌండ్ విభక్తి లాంటిదని, ఏమీ చెప్పనప్పుడే అసలైన ఫ్రేజల్ వెర్బు అని విడదీస్తారు. ఆ విభజన సరైనదే, పెద్ద తరగతుల్లో చెప్పవచ్చు కూడా. మొదటిసారి నోరు తెరిచే పిల్లకు మాత్రం అది అడ్డు పడుతుంది.

ఈ చదువు అవసరం ఎవరికని అడిగేవారు గండికోటకు, బెలుంకు వచ్చే బయటి రాష్ట్రాలవాళ్లను, విదేశీయులను గుర్తు చేసుకోవాలి. వాళ్లకు చోటు చూపించే యువకుడు "లెట్ మి షో యూ అరౌండ్" అనగలగాలి. వాక్ అరౌండ్‌లో రెండు మాటలూ కలిసే ఉంటాయి, ఇక్కడేమో మనిషిని సూచించే "యూ" షో, అరౌండ్‌ల మధ్యలోకి వచ్చింది. ఈ తేడా చెవికి అలవాటు కావాలంటే ఆ వాక్యాన్ని నోటితో పదిసార్లు అనాలి. కర్నూలు, కడప జిల్లాల ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ఒక విన్నపం: ఈసారి ఫ్రేజల్ వెర్బుల పాఠం వచ్చినప్పుడు అర్థాల పట్టిక బోర్డు మీద రాయకండి. మీ ఊరి గుడి, చెరువుకట్ట, సంత మీద పిల్లలచేత తలా మూడు వాక్యాలు రాయించండి.