వెలుతురు చూసి విచ్చుకునే పుట్టగొడుగు

వాన వెలిసిన మర్నాడు గడ్డివామి పక్కన, పుట్టల మీద పుట్టగొడుగులు లేస్తాయి. ఉరుము ఉరిమితే పుడతాయని పెద్దవాళ్లు అంటారు. కానీ అవి రాత్రికి రాత్రి పుట్టినవి కావు. వాటి అసలు ఒళ్లు లోపల ఎప్పటినుంచో ఉంది. తెల్లటి, సన్నటి దారాలే ఆ ఒళ్లు. పైకి కనబడే గొడుగు చెట్టుకు కాసిన కాయ లాంటిది. పచ్చడి జాడీలో పట్టే బూజుకూ దీనికీ చుట్టరికం ఉంది. ఈ జీవులన్నిటినీ పుస్తకాల్లో శిలీంధ్రాలు అని రాస్తారు.

దీనికి నోరు లేదు. కడుపు లేదు. మరి ఎలా తింటుంది? దారాల కొసల నుంచి ఒక రసం వదులుతుంది. ఆ రసం గడ్డిని కరిగిస్తుంది. కరిగినదాన్ని దారాలు పీల్చుకుంటాయి. మనం తిన్నాక అరిగించుకుంటాం. ఇది అరిగించుకున్నాక తింటుంది! చుట్టూ ఏ తిండి ఉందో కూడా దీనికి తెలుస్తుంది. తేలిగ్గా అరిగే చక్కెర దొరికితే, గట్టి గడ్డిని కరిగించే రసం చెయ్యదు. చక్కెర అయిపోయాకే చేస్తుంది. వృథా ఖర్చు ఎరగని జీవి.

తిండి దండిగా ఉన్నంతకాలం దారాలు పాకుతూనే ఉంటాయి. తిండి తగ్గుతోందని తెలిస్తే గొడుగు కట్టడానికి సిద్ధమవుతాయి. అప్పుడు చాలా రకాలకు వెలుతురు కావాలి. కళ్లు లేకపోయినా వెలుతురును పసిగడతాయి. వాటి ఒంట్లో ఉండే ఒక రకం మాంసకృత్తులు వెలుతురులోని నీలి రంగును పట్టుకుంటాయి.

ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచే మహిళలకు ఇది డబ్బుతో ముడిపడ్డ సంగతి. వేడినీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన వరిగడ్డిని విత్తనంతో కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపుతారు. పదిహేను, ఇరవై రోజులు చీకటిగదిలో ఉంచుతారు. సంచి అంతా తెల్లబడుతుంది. ఇక అప్పుడు చీకటి పనికిరాదు. సంచి కోసి, గాలీ వెలుతురూ తగలనివ్వాలి. ఎండ మాత్రం నేరుగా పడకూడదు. గదిలో కూర్చుని పుస్తకం చదవగలిగినంత వెలుతురు చాలు. అది కూడా లేకపోతే కాడలు పొడుగ్గా సాగుతాయి, గొడుగులు చిన్నవైపోతాయి. గాలి ఆడని గదిలోనూ అంతే. అలాంటి సరుకు ఎవరు కొంటారు? బొత్తం పుట్టగొడుగులకైతే వెలుతురు అక్కర్లేదు. అందుకే ఏ రకమో తెలుసుకుని సంచి తేవాలి.

పేడ మీద మొలిచే ఒక బూజు ఇంకా గడుసుది. గాజులాంటి చిన్న కాడ, దాని మీద నల్లటి మూట. గోరంత ఎత్తు ఉంటే గొప్ప. పొద్దుటి వెలుతురు ఎటు వస్తే కాడ అటు వంగుతుంది. ఒక్కసారి పేలి మూటను విసురుతుంది. అది ఆరడుగుల దాకా పోయి పడుతుంది. పేడ పక్కనున్న గడ్డిని పశువులు ముట్టవు కదా! దూరంగా, శుభ్రమైన గడ్డి మీద పడితేనే ఆవు తింటుంది. ఆవు కడుపులోంచి మళ్లీ పేడలోకి వస్తుంది.

మన పుట్టగొడుగులు అంత దూరం విసరవు, కిందికి రాలుస్తాయి. గొడుగు అంచు పైకి తిరగకముందే కోసెయ్యాలి. ఆలస్యమైతే సన్నటి పొడి గదంతా నిండుతుంది. అది పీలిస్తే దగ్గు వస్తుంది. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.