పాలగిన్నె దాకా వచ్చిన ప్రమాదం

మొన్న మా ఆడబిడ్డ మంచిర్యాల నుంచి వచ్చింది. టీవీలో అణు విద్యుత్తు మీద ఏదో చర్చ నడుస్తోంది. "వదినా, అసొంటి ప్రమాదమైతే పాలు ఇంకో రెండు పొంగులు రానిస్తే సరిపోదా?" అంది. నవ్వాను గాని, జవాబు నాకూ తెలియదు. పిల్లల పుస్తకాలూ పాత పత్రికలూ ముందేసుకుని కూర్చుంటే తెలిసింది, ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదని.

మా గోదావరిఖని వైపు ఆరేసిన చీర మీద బొగ్గు దుమ్ము పడితే కంటికి కనిపిస్తుంది, దులుపుకుంటాం. రేడియో ధార్మికత కనిపించదు, వాసన రాదు, రుచి మారదు. మరగబెడితే క్రిములు చస్తాయి గాని, ఇది పోదు.

1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో, చెర్నోబిల్ కేంద్రం నాలుగో రియాక్టర్ పేలింది. అందులోంచి లేచిన అయోడిన్-131 గాలితో పోయి గడ్డి మీద పడింది. ఆ గడ్డి ఆవులు మేశాయి, ఆ పాలు పిల్లలు తాగారు. మన గొంతులోని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. మంచిదా చెడ్డదా అని చూడదు, దొరికింది దొరికినట్టు లాక్కుంటుంది. తిండిలో అయోడిన్ తక్కువైన చోట ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. అక్కడి పల్లెల్లో ఆ లోటు ముందే ఉంది. (చిన్నప్పుడు ఉట్నూరు సంతలో గొంతు వాచిన ఆడవాళ్లను చూశాను. అయోడిన్ లోటుతో అలా వస్తుందని తర్వాతెప్పుడో తెలిసింది.)

ఈ అయోడిన్ ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. అంటే రెండు మూడు నెలలు ఆ పాలు పిల్లలకు పట్టకపోతే చాలు. ఆ మాట సమయానికి చెప్పినవాళ్లే లేరు. పక్కనున్న పోలండ్‌లో మాత్రం మూడు రోజులకే మొదలుపెట్టి కోటి మందికి పైగా పిల్లలకు అయోడిన్ మందు తాగించారు. బెలారస్, ఉక్రెయిన్, రష్యాల్లో ఆనాటి పిల్లల్లో 2005 నాటికి 6 వేల మందికి పైగా థైరాయిడ్ క్యాన్సర్ బయటపడింది. చాలామందికి ఆ పాలే కారణమన్నారు ఐక్యరాజ్య సమితి నిపుణులు. ఆపరేషన్లతో దాదాపు అందరూ బతికారు, పోయింది 15 మంది. పదిహేనే గదా అనిపిస్తుంది. కానీ గొంతు మీద మిగిలిన కుట్ల మచ్చకు అక్కడ "చెర్నోబిల్ నెక్లెస్" అని పేరు పెట్టుకున్నారు. పెళ్లీడు ఆడపిల్ల మెడలో ఆ నెక్లెస్‌ను ఏ లెక్కలో రాస్తారో నాకైతే అర్థం కాలేదు.

సీజియం-137 మరీ మొండిది. సగం కావడానికే 30 ఏళ్లు. అడవి పుట్టగొడుగుల్లో ఇప్పటికీ కనిపిస్తోంది. 2011 మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం జరిగాక, 2012 పంట నుంచి కొన్నేళ్లపాటు ఆ ప్రాంతంలో పండిన ప్రతి బియ్యం బస్తానూ యంత్రంలో పెట్టి చూశారు. బరువుకు గ్రాముల్లాగ దీనికి బెకరెల్ కొలత. బియ్యం కిలోకు 100 దాటితే అమ్మకూడదు, పాలకైతే 50. ఆ మార్చిలోనే చైనాలో జనం అయోడిన్ ఉప్పు కోసం దుకాణాల మీద పడ్డారట. ఉప్పులోని అయోడిన్ ఈ పనికి ఏ మూలకూ రాదు, అంత ఉప్పు తింటే ముందు బీపీ వస్తుంది!

మన దేశానికీ ఈ భయం వచ్చింది. చెర్నోబిల్ తర్వాత ఐర్లండ్ నుంచి బొంబాయికి వచ్చిన 200 టన్నుల వెన్న మీద అనుమానంతో కేసు పడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు నిపుణుల కమిటీ వేసింది. తినొచ్చని వాళ్లు చెప్పాక 1988లో కేసు ముగిసింది.

ఇదంతా ఫోన్లో చెబితే, "మరి పాలు పారబోసుడేనా?" అంది ఆడబిడ్డ. అక్కర్లేదు, పొడి చేసి కొన్ని నెలలు పక్కన పెడితే అయోడిన్ పోతుంది, సీజియం సంగతి మాత్రం మిషన్‌తో కొలిస్తేనే తెలుస్తుంది అన్నాను.

"ఆ మిషన్ మంచిర్యాలల ఉంటదా వదినా?" అంది.